విజువల్ ఫాక్స్‌ప్రో 9: పాత అప్లికేషన్ మెడకి పడ్డవాళ్ల కోసం ఒక రివ్యూ

ముందే చెప్పేస్తాను. కొత్తగా సాఫ్ట్‌వేర్ రాసుకోవాలనుకునేవాళ్లు విజువల్ ఫాక్స్‌ప్రో (డేటా దాచుకుని, దాని మీద ప్రోగ్రాములు రాసుకునే పాత మైక్రోసాఫ్ట్ భాష) జోలికి వెళ్లొద్దు. ఆ పనికైతే ఐదుకి ఒకటి కూడా ఇవ్వను. అయితే మీ షాపులోనో ఆఫీసులోనో ఎప్పటిదో ఫాక్స్‌ప్రో అప్లికేషన్ ఒకటి రోజూ బిల్లులు కొడుతూ, రాసినాయన రిటైరైపోయి, "ఇకమీదట నువ్వే చూసుకోవాలమ్మా" అని మీ నెత్తిన పడిందనుకోండి, భయపడకుండా నేర్చుకోండి. ఆ పనికి ఐదుకి నాలుగు.

మాది వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర హోల్‌సేల్ షాపు. మరపడవలకి ఇంజిన్ స్పేర్లు, తాళ్లు, బ్యాటరీలు, ఆయిల్ అమ్ముతాం. అకౌంట్సూ నావే, కంప్యూటర్లూ నావే. నేను చదివింది ఎంసీఏ, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) బాగానే వచ్చు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పని జరిగేంత వచ్చు. ఫాక్స్‌ప్రో అన్నది మాత్రం మా పెదనాన్న పీజీడీసీఏ సర్టిఫికెట్ మీద తప్ప ఎక్కడా చూడలేదు. మా బిల్లింగ్ రాసిన మాస్టారు ఒకప్పుడు ద్వారకానగర్‌లో కంప్యూటర్ క్లాసులు చెప్పేవారు. డాస్ కాలంలో మొదలుపెట్టి, తర్వాత విజువల్‌లోకి మార్చి, ఏళ్ల తరబడి ఆయనే చూసుకున్నారు. ఇప్పుడు బెంగళూరులో కూతురి దగ్గర ఉంటున్నారు. కంటి ఆపరేషన్ అయ్యాక స్క్రీన్ ముందు కూర్చోవడం మానేశారు. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతారు.

ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన అవసరమూ రాలేదు. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. 12, 28 పోయి 5, 18 మిగిలాయి, పైన కొన్నిటికి 40. మాకు పెద్ద మార్పు బ్యాటరీల దగ్గర వచ్చింది, 28 నుంచి 18కి. తీరా చూస్తే రేట్లు టేబుల్‌లో, అంటే డేటా ఉండే పట్టికలో, లేవు, ప్రోగ్రాం లోపల రాసేసి ఉన్నాయి. అలా మొదలైంది నా చదువు.

కొనేవాళ్లకి కాదుగానీ, నేర్చుకునేవాళ్లకి ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలియాలి. డీబేస్ అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కుటుంబానికి చెందిన భాష ఇది. అమెరికాలో ఒహాయోకి చెందిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ డీబేస్ కంటే వేగంగా నడిచేలా తయారుచేసింది. 1992లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. 1995లో 'విజువల్' వచ్చి చేరింది. 2004 చివర్లో వచ్చిన 9వ వెర్షనే ఆఖరిది. 10 రాదని 2007లో చెప్పేశారు. అదే ఏడాది సర్వీస్ ప్యాక్ 2 ఇచ్చారు, 2015 జనవరితో సపోర్ట్ కూడా ముగిసింది. అంటే ఫిర్యాదు చేయడానికి ఎవరూ లేరు. అదే సమయంలో, రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చి మెనూలు మార్చేసేవాళ్లూ లేరు. 32 బిట్ ప్రోగ్రామే అయినా మా విండోస్ 11 మెషీన్ మీద ఏ పేచీ లేకుండా నడుస్తోంది. మాకు అప్పట్లో కొన్న ఒరిజినల్ సీడీ డబ్బాతో సహా ఉంది. దాన్ని చదివే డ్రైవ్ కోసమే ఊరంతా తిరగాల్సి వచ్చింది.

ఇక భాష సంగతి. తెరవగానే కమాండ్ విండో అని ఒక తెల్ల పెట్టె వస్తుంది. అందులో 'యూజ్ ఐటమ్స్' అని కొట్టి ఎంటర్, 'బ్రౌజ్' అని కొట్టి ఎంటర్. అంతే, సరుకుల పట్టీ మొత్తం ముందు పరుచుకుంటుంది. సర్వర్ అడ్రస్, పాస్‌వర్డ్, కనెక్షన్, లైబ్రరీ... ఏమీ లేవు. మెనూలోంచి ఏదైనా చేస్తే దానికి సరిపడే కమాండ్‌ని ఆ పెట్టెలో తనే రాసి చూపిస్తుంది. దీని అంత ఓపికైన టీచర్ నాకు కాలేజీలో కూడా దొరకలేదు. కమాండ్లలో మొదటి నాలుగు అక్షరాలు కొట్టినా చాలు. మాస్టారు ఆ సౌకర్యాన్ని దండిగా వాడుకున్నారు. అందుకే ఆయన కోడ్ మొదట్లో టెలిగ్రాం చదువుతున్నట్టే ఉంటుంది.

ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకి చిక్కు ఎక్కడంటే, ఇక్కడ 'ప్రస్తుతం ఉన్న రికార్డు' అనే సంగతి ఒకటుంటుంది. లెడ్జర్‌లో ఒక వరుస మీద వేలు పెట్టుకుని కూర్చున్నట్టే. 'రీప్లేస్' అని ఉత్తినే కొడితే వేలు ఉన్న వరుస ఒక్కటే మారుతుంది. అన్నీ మారాలంటే 'ఆల్' అని గానీ, 'ఫర్' అని షరతు గానీ చెప్పాలి. ఎస్‌క్యూఎల్‌లో దీనికి పూర్తిగా రివర్సు: షరతు పెట్టని అప్‌డేట్ టేబుల్ మొత్తాన్ని ఊడ్చేస్తుంది. ఆ లెక్కన ఫాక్స్‌ప్రో దయగలదే. కానీ దయ వెనక ఒక మెలిక ఉంది. మధ్యలో వేరే ప్రొసీజర్‌ని (ప్రోగ్రాంలో ఒక పనికి విడిగా రాసుకున్న ముక్కని) పిలిస్తే, అది అదే టేబుల్‌లో ఇంకేదో వెతుక్కుని వేలు జరిపేస్తే, తిరిగొచ్చాక మీ మార్పు ఇంకెవరి ఖాతాలోనో పడుతుంది. ఇంకోటి దీనికంటే మోసం. మీరున్న టేబుల్ చివర దాటేసి ఉన్నప్పుడు వేరే టేబుల్‌లో ఫీల్డు మార్చమంటే మార్పూ జరగదు, ఎర్రరూ రాదు. మాస్టారి ప్రతి ప్రొసీజర్ మొదట్లో టేబుల్ పేరు, రికార్డు నంబరు దాచుకోవడం, చివర్లో తిరిగి అక్కడికే వెళ్లడం ఎందుకు చేశారో ఇది తెలిసాక అర్థమైంది. కొత్తగా చూసేవాళ్లకి అవి పనికిరాని లైన్లలా కనపడతాయి. తీసేయకండి.

పోలికల సంగతి ఇంకా తమాషా. మా ఖాతాదారుల్లో 'గంగమ్మ' అని ఒక బోటు, 'గంగమ్మ తల్లి' అని ఇంకో బోటు ఉన్నాయి, ఓనర్లు వేరు. ఫాక్స్‌ప్రోలో మామూలుగా ఒక్క సమాన గుర్తు పెడితే, కుడివైపు మాట ఎంత పొడుగుందో అంతవరకే పోల్చి చూస్తుంది. అంటే 'గంగమ్మ తల్లి' సమానం 'గంగమ్మ' అన్నది నిజమే దాని లెక్కలో. అటూ ఇటూ తిప్పి రాస్తే అబద్ధం! కుడివైపు ఖాళీగా వదిలేస్తే ప్రపంచంలో ఉన్న ప్రతి పేరూ సమానమే. దీన్ని 'సెట్ ఎగ్జాక్ట్' అనే సెట్టింగుతో మార్చొచ్చు. కానీ ఎస్‌క్యూఎల్ వాక్యాలు ఆ సెట్టింగుని పట్టించుకోవు, వాటికి 'సెట్ యాన్సీ' అని వేరే ఉంది. పేర్లు పోల్చే చోటల్లా రెండు సమాన గుర్తులు పెట్టుకోవడమే మంచిది. మా స్టేట్‌మెంట్ ప్రోగ్రాంలో మాస్టారు అలాగే చేశారు. తర్వాత ఎవరో అతికించిన ఒక రిపోర్టులో మాత్రం ఒక్కటే ఉంది. 'గంగమ్మ' బాకీలో 'గంగమ్మ తల్లి' బ్యాటరీ ఎందుకు కలుస్తోందని మా గుమస్తా బాబాయి ఎప్పటినుంచో గొణుగుతున్నది దీని గురించే.

జీఎస్టీ పని అనుకున్నదానికంటే తేలిగ్గా అయింది. కోడ్ లోపల ఉన్న రేట్లన్నీ పీకేసి చిన్న టేబుల్ పెట్టాను: హెచ్ఎస్ఎన్ కోడ్ (జీఎస్టీలో ఒక్కో రకం సరుకుకి ఉండే నంబరు), ఏ తేదీ నుంచి, ఎంత శాతం. బిల్లు తేదీని బట్టి దానికి ముందున్న ఆఖరి రేటు తీసుకోవాలి. రేటు ఒక్కటే దిద్దేసి ఊరుకుంటే కుదరదు. ఆగస్టులో 28 శాతంతో అమ్మిన బ్యాటరీ అక్టోబరులో వాపసు వస్తే క్రెడిట్ నోటు పాత రేటుకే వేయాలి కదా. ఇక్కడే ఫాక్స్‌ప్రో అంటే ముచ్చటేసింది. ప్రోగ్రాం మధ్యలో నేరుగా ఎస్‌క్యూఎల్ సెలెక్ట్ రాసేయొచ్చు. ఫలితం ఒక తాత్కాలిక టేబుల్‌గా వచ్చి కూర్చుంటుంది, దాన్ని మళ్లీ బ్రౌజ్ చేసి కళ్లారా చూసుకోవచ్చు. పైథాన్‌లో ఇదే పనికి నేను రాసే తతంగం గుర్తొచ్చి నవ్వొచ్చింది.

వేగం గురించి ఒక మాట. దీంట్లో రష్‌మోర్ అని ఒక పద్ధతి ఉంది, ఇండెక్స్‌లు (పుస్తకం చివర ఉండే సూచికలాంటివి) ఉంటే రికార్డులు తెరవకుండానే వడపోస్తుంది. మా పాత బిల్లులన్నిట్లో వెతికినా కన్నార్పేలోపు జవాబు. కాకపోతే ఇండెక్స్ ఏ రూపంలో కట్టారో షరతు కూడా అచ్చం ఆ రూపంలోనే రాయాలి. పేరుని పెద్ద అక్షరాలుగా మార్చి ఇండెక్స్ కట్టి, షరతులో ఉత్త పేరు రాస్తే ఇండెక్స్ వాడదు, ఎద్దుబండిలా నడుస్తుంది. 'సిస్ 3054' అనే ఫంక్షన్‌ని ఆన్ చేస్తే ఏ ఇండెక్స్ వాడిందో, అసలు వాడిందో లేదో చెబుతుంది. ఎవరూ చెప్పని ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం రిపోర్టులు బాగుపడతాయి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ భాష నేర్చుకోకుండా అప్లికేషన్ మొత్తం కొత్తగా రాయించేద్దామని మా ఓనర్ గారు ఒక దశలో అనుకున్నారు. రుషికొండ వైపు నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి, టీ తాగి, డెమో చూపించారు. స్క్రీన్లు బాగున్నాయి, మొబైల్లోనూ కనిపిస్తాయి. "మీ క్రెడిట్ రూల్ ఏంటి?" అని అడిగితే ఓనర్ గారు "తొంభై రోజులు" అన్నారు. వాళ్లు రాసుకున్నారు.

ఆ రాత్రి నేను వాయిదా తేదీ లెక్కకట్టే ప్రోగ్రాం తెరిచి చూశాను. తొంభై రోజులు కలపడం ఒక్క లైనే. ఫాక్స్‌ప్రోలో తేదీకి అంకె కలిపితే అన్ని రోజుల తర్వాతి తేదీ వస్తుంది, ఇంకేం చేయక్కర్లేదు. దాని కింద ఒక పేజీ నిండా ఉన్నదే అసలు రూలు. పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కామెంట్: "బోటు ఒడ్డున ఉంటే వడ్డీ లేదు".

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మరపడవలన్నీ జెట్టీ దగ్గర బారులు తీరి ఉంటాయి. సంపాదన లేనప్పుడు బాకీ ఎక్కడ కడతారు? అందుకని మా షాపు ఆ రోజుల్ని వాయిదాలోకి లెక్కపెట్టదు. మార్చి 20న తీసుకున్న సరుకుకి తొంభై రోజులంటే జూన్ 18. నిషేధం రోజులు తీసేస్తే ఆగస్టు 18. రెండు నెలల వడ్డీ తేడా. దాని కోసం హార్బర్‌లో గొడవలు అయిపోతాయి. ఇదంతా ఓనర్ గారికి తెలియక కాదు. ఆయనకి అది ఎంత సహజమంటే, రూలని కూడా అనిపించలేదు, చెప్పలేదు.

కోడ్‌లో ఇంకా లోపలికి వెళ్తే, ఒకప్పుడు నిషేధం మే 31తో ముగిసేది కాబట్టి పాత సంవత్సరాలకి ఆ తేదీ, తర్వాతి వాటికి జూన్ 14. మధ్యలో 2020కి మాత్రం మళ్లీ మే 31 అని ప్రత్యేకంగా ఒక లైను. కరోనా లాక్‌డౌన్ వల్ల ఎలాగూ బోట్లు ఆగిపోయాయని కేంద్రం ఆ ఒక్క ఏడాది నిషేధాన్ని 47 రోజులకి తగ్గించింది. నాకు గుర్తే లేదు, కోడ్‌కి గుర్తుంది. మాస్టారికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, 2020 లైను మీరే పెట్టారా?"

"నేనే చెప్పానమ్మా. లాక్‌డౌన్‌లో వైజాగ్ ఎలా వస్తాను? మీ గుమస్తా చేత ఫోన్‌లో ఒక్కో అక్షరం చెప్పి కొట్టించాను. చుక్క దగ్గర కామా కొట్టి నా ప్రాణం తీశాడు. అదలా ఉంచు, నువ్వు ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పక్కన పెట్టావా?"

"తీశానండి."

"అయితే ఇప్పుడు ఏమైనా చేసుకో. నన్ను తిట్టుకోవాలనిపిస్తే కూడా తిట్టుకో."

కొత్త సాఫ్ట్‌వేర్ రాయించడం తప్పని నేననను. ఏదో ఒకనాడు చేయాల్సిందే. ఇలాంటి పేజీలు ఇంకా ఎన్ని ఉన్నాయో చదివి తెలుసుకోకుండా చేస్తే మాత్రం డబ్బు దండగ, ఖాతాదారులతో తగువు. చదవాలంటే భాష రావాలి. అదృష్టం కొద్దీ చదవడానికి ఇంత తేలికైన భాష తక్కువ.

డేటా ఫైళ్లు కూడా అంతే, దాపరికం లేదు. తేదీ ఎనిమిది అంకెలుగా, పేరు ఉన్నది ఉన్నట్టుగా ఉంటాయి. రికార్డు డిలీట్ చేస్తే నిజంగా పోదు, దాని ముందు ఒక నక్షత్రం గుర్తు, అంటే ఆస్టరిస్క్ పడుతుంది. 'ప్యాక్' అనే కమాండ్‌తో నిజంగా తీసేసేదాకా వెనక్కి తెచ్చుకోవచ్చు. స్క్రీన్ ఫారాలు కూడా టేబుళ్లే! ఫారం ఫైల్‌ని 'యూజ్' అని తెరిచి, ఏ బటన్ వెనక ఏ కోడ్ ఉందో బ్రౌజ్‌లో చదివేశాను. పైథాన్‌లో డీబీఎఫ్‌రీడ్ అనే లైబ్రరీ ఈ టేబుళ్లని నేరుగా చదువుతుంది. అది చదవడానికి మాత్రమే, రాయదు. మాకు కావాల్సిందీ అదే. ఓనర్ గారికి కావాల్సిన గ్రాఫులు, నెలవారీ పట్టికలు పైథాన్‌లో, బిల్లులు ఫాక్స్‌ప్రోలో.

ఆ దాపరికం లేకపోవడమే దీని పెద్ద లోపం కూడా. షేర్డ్ ఫోల్డర్ దాకా రాగలిగిన ఎవరైనా ఖాతాలన్నీ కాపీ కొట్టుకుపోవచ్చు, అడ్డుకునే పాస్‌వర్డ్ లేదు. ఫోల్డర్ పర్మిషన్లు మీరే బిగించుకోవాలి. రెండోది కరెంటు. సర్వర్ అంటూ వేరే ప్రోగ్రాం లేదు కాబట్టి ప్రతి మెషీనూ నెట్‌వర్క్ మీదుగా వెళ్లి ఫైల్‌లో తనే రాస్తుంది. రాస్తుండగా మెషీన్ ఆగిపోతే ఇండెక్స్ చెడిపోతుంది, లేదా టేబుల్ పాడైందని తెరవనే తెరవదు. అప్పుడు తనిఖీ ఆపి తెరిచి, బాగున్న రికార్డుల్ని కొత్త టేబుల్‌లోకి కాపీ చేసుకోవాలి. కౌంటర్లో నలుగురు నిలబడి ఉండగా ఈ పని చేయడం ఎంత టెన్షనో చెప్పలేను. ఒక్కో మెషీన్‌కి ఒక్కో యూపీఎస్ తప్పనిసరి. ఈ రెండిటికీ కలిపి ఒక మార్కు కోశాను.

మిగతా లోపాలు త్వరగా చెప్పేస్తాను. ఒక్కో టేబుల్‌ ఫైల్ 2 జీబీ దాటకూడదు, మా సైజు షాపులకి అది సమస్య కాదు. తెలుగు లిపి రాదు, అన్ని భాషల లిపులకీ పనికొచ్చే యూనికోడ్ లేదు. పాత ఫ్రీ టేబుళ్లలో (ఏ డేటాబేస్‌లోనూ చేర్చని విడి టేబుళ్లలో) ఫీల్డు పేరు పది అక్షరాలు మించకూడదు కాబట్టి పేర్లన్నీ అచ్చులు పీకేసిన హల్లుల గుంపులు.

మంచికి ఒకటి చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేనింకా ఈ షాపులో చేరలేదు. బాబాయి చెబుతాడు: ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, షాపు రేకులు ఎగిరిపోయాయి, కంప్యూటర్లు తడిసిపోయాయి. ముందురోజు మాస్టారు తీయించిన పెన్‌డ్రైవ్ బాబాయి జేబులో ఉంది. జనరేటర్ ఉన్నచోట ఒక ల్యాప్‌టాప్ పెట్టి, ఆ ఫోల్డర్ కాపీ చేస్తే షాపు మొత్తం లేచి కూర్చుంది. ఇన్‌స్టాలేషన్ లేదు, రిస్టోర్ లేదు. బోట్లు పాడైనవాళ్లు స్పేర్ల కోసం వరుస కట్టిన రోజులవి.

నేర్చుకునేవాళ్లకి: ద్వారకానగర్, అసిల్‌మెట్ట బోర్డుల మీద ఫుల్‌స్టాక్, డేటా సైన్స్ తప్ప ఇది కనపడదు, వెతకడం దండగ. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే హెల్ప్ ఫైలే అసలు పుస్తకం, ప్రతి కమాండ్‌కీ ఉదాహరణ ఉంటుంది. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే కోడ్ ఇస్తుందిగానీ, డీబేస్ కుటుంబంలోనే ఇంకో భాష అయిన క్లిప్పర్‌దీ, మైక్రోసాఫ్ట్ వేరే డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌దీ కలిపి వండి పెడుతుంది. కమాండ్ విండోలో కొట్టి చూడకుండా నమ్మొద్దు. వీఎఫ్‌పీఎక్స్ పేరుతో అభిమానులు ఇప్పటికీ ఉచితంగా టూల్స్ చేసి గిట్‌హబ్‌లో పెడుతున్నారు. వాటిలో రెండు దించుకోండి. గోఫిష్ అనేది ప్రాజెక్టు మొత్తంలో ఒక మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి పెడుతుంది, ఫారాల లోపల దాక్కున్న కోడ్‌తో సహా. ఫాక్స్‌బిన్‌2పీఆర్‌జీ అనేది ఫారాల్ని మామూలు టెక్స్ట్‌గా మారుస్తుంది. అప్పుడు కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్‌లో పెట్టుకుని ఏ లైను ఎప్పుడు మారిందో చూసుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేశాక సర్వీస్ ప్యాక్ 2 మర్చిపోకుండా వేయండి. తేదీలు మన పద్ధతిలో రావడానికి 'సెట్ డేట్ బ్రిటిష్', సంవత్సరం నాలుగు అంకెల్లో కనపడటానికి 'సెట్ సెంచరీ ఆన్' ముందే పెట్టుకోండి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్నవాళ్లు ప్రోగ్రాంలో 'సీహెచ్ఆర్ 15' అని కనిపిస్తే తీసేయకండి, బిల్లు వెడల్పు కాగితంలో పట్టేలా అక్షరాల్ని ఇరికించేది అదే. మా కౌంటర్లో ఆ ప్రింటర్ ఇంకా గీపెడుతూనే ఉంది, మూడు కార్బన్ కాపీలు ఇంకే ప్రింటరూ ఇవ్వదని బాబాయి పట్టు.